రింగులు మార్చినా పొగ ఎందుకు ఆగలేదు?

మా నాన్నగారి 100 సీసీ బండి రెండేళ్లుగా ఆయిల్ తాగుతోంది. ఇంజనులో మొత్తం పట్టేదే లీటరుకు కాస్త తక్కువ. అందులో నెలకు పావు లీటరు నీలం పొగై పోతుంటే, చివరికి ఇంజను పైభాగమైన హెడ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కు ఆయిల్ అందక అదీ పాడవుతుందన్న భయంతో మరమ్మతుకు పూనుకున్నాను.

నిరుడు ఒక మెకానిక్ బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి రంధ్రం, కొలవకుండానే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు కొత్తవి వేసి ఇచ్చాడు. రెండు నెలలకే పొగ మళ్లీ మొదలైంది. అందుకని ఈసారి హెడ్ దించకముందే జబ్బు ఎక్కడుందో తేల్చుకోదలిచాను. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి పొగ వదిలి ఊరుకుంటే, వాల్వుల వెంట ఆయిల్ కిందికి దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ వస్తుంటే రింగులనో బోరునో చూడాలి. మాది రెండో రకం. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి, తాళం వేయకుండా కిక్కు కొట్టాను. అంతవరకు తేలిగ్గా దిగిన రాడ్డు ఒక్కసారిగా బరువెక్కింది. రింగుల పక్కనుంచి జారిపోతున్న కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లోని ఒత్తిడిని, ఆ ఆయిల్ కాసేపు ఆపిందన్నమాట.

విజయవాడ ఆటోనగర్‌లో బోరింగు చేసే పెద్దాయన సిలిండర్ పైఅంచు కింద గోటితో గీరి చూశారు. గోరు చిన్న గట్టుకు తగిలి ఆగింది. రింగులు తిరిగే మేర గోడ అరిగి, వాటికి అందని అంచు అలాగే మిగలడం వల్ల ఏర్పడిన గట్టు అది. కొలిస్తే 50.00 మి.మీ. ఉండవలసిన బోరు పిస్టన్ పిన్ను దిశలో 50.06, దానికి అడ్డదిశలో 50.14 వచ్చింది. కోలగా అరిగిన బోరులో రింగు ఎంత కొత్తదైనా గోడకు అంతటా ఆనదు. నిరుటి ఖర్చు బూడిదలో పోసిన పన్నీరైంది ఇందుకే.

గోడ మీద ఒక గీత లోతుగా ఉన్నందున 0.25 మి.మీ. పెద్ద సైజు చాలదని, 0.50 మి.మీ. పెద్ద పిస్టన్ తెమ్మన్నారు. పిస్టన్ చేతికిస్తే గాని ఆయన మిషను ఎక్కించరు. దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, మిల్లీమీటరులో నూరోవంతులు మూడు మాత్రమే ఎక్కువ ఉండేలా బోరు కోసి, చివర హోనింగు రాళ్లతో ఒకదానినొకటి ఏటవాలుగా దాటే సన్నని గీతలు పెట్టారు. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే.

ఇంటికి తెచ్చాక సిలిండర్‌ను వేడినీళ్లతో, సబ్బుతో, తెల్లగుడ్డకు మరక అంటనంతవరకు తోమాను. పెట్రోలు జిడ్డును వదిలిస్తుంది గాని గీతల్లో ఇరుక్కున్న రాతిపొడిని వదిలించదు. ఆ పొడే కొత్త రింగులను తినేస్తుంది. ఇంత ఓపిక షెడ్డుల్లో తక్కువేనని నా అనుమానం. ఎలాగూ హెడ్ విప్పాం కనుక వాల్వ్ సీళ్లు కూడా మార్చి, రింగుల కోతలు, అంటే ఒక్కో రింగు కొసల మధ్య సందులు, ఒకే వరుసలోకి రాకుండా 120 డిగ్రీల ఎడంగా తిప్పి బిగించాను.

500 కి.మీ. తిరిగాక ఆయిల్ తీస్తే, ఎండలో వెండిపొడిలా మెరిసింది. కొత్త రింగులు బోరుకు సర్దుకునేటప్పుడు రాలే పొడి అది. ఆ తరువాత 600 కి.మీ. తిరిగినా డిప్‌స్టిక్ మీద మట్టం పైగీతను వదలలేదు. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ చైన్ చప్పుడు మాత్రం మిగిలింది. దాని పని వచ్చే నెల.