మొహం ఎర్రబడితే మొదట మాత్రల చీటీ చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు జీలుగు కల్లో ఇప్పసారాయో నాలుగు గుక్కలు పడగానే ఎవరికైనా మొహం కందిపోతే "మందు బాగా ఒంటబట్టింది" అంటారు. నిజానికి ఒంటబట్టకే ఆ కందడం.

కాలేయం ఆల్కహాల్‌ని ముందు అసిటాల్డిహైడ్ చేస్తుంది. అసలు విషం అదే. ఆ తర్వాత ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ దాన్ని అసిటేట్‌గా మార్చి పీడ వదిలిస్తుంది. ఈ రెండో పని మందగిస్తే విషం పేరుకుని రక్తనాళాలు ఉబ్బుతాయి. మొహం, మెడ, చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, వాంతి వస్తుంది. చైనా, జపాన్, కొరియా మూలాలవాళ్లలో సుమారు మూడోవంతు మందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ బలహీనం. మన దేశంలో ఆ లోపం అరుదు. ఎన్నాళ్లుగానో తాగుతున్నవాడికి ఉన్నట్టుండి మొహం కందితే వంశాన్ని కాదు, జేబుని వెతకాలి.

విరేచనాలకి ఇచ్చే మెట్రోనిడజోల్, టినిడజోల్ మాత్రలు, సెఫోపెరజోన్ ఇంజెక్షన్ కొందరిలో ఇదే పని చేస్తాయి. కోర్సు అయ్యాక కూడా మూడు రోజులు మద్యం ముట్టకపోవడం మంచిది. అన్నిటికన్నా ప్రమాదం డైసల్ఫిరామ్. తాగుడు మాన్పించే మాత్ర ఇది, ఆ ఎంజైమ్‌నే కట్టేస్తుంది. కొన్నిళ్లలో తాగేవాడికి తెలియకుండా దీన్ని పొడిచేసి పప్పులో కలిపేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆఖరి మాత్ర వేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. తెలియక ఓ క్వార్టర్ దించేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

చామనఛాయ ఒంటిమీద ఎరుపు తెలీదు కాబట్టి చెవితమ్మె పట్టి చూడండి, కాలుతున్నట్టుంటుంది. కళ్లలో ఎర్రజీరలు లేస్తాయి. నాడి నిమిషానికి వంద దాటినా, నిలబడితే కళ్లు తిరిగినా గ్లాసు పక్కన పెట్టించాలి. "బీరే కదా" అన్న మాట చెల్లదు: 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటే, 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది 20 గ్రాములే.

ఎరుపు కనబడకుండా ముందే ఫామోటిడిన్ అనే ఎసిడిటీ మాత్ర వేసుకునేవాళ్లున్నారు. ఎరుపు తగ్గుతుంది గానీ విషం అక్కడే ఉంటుంది. ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఇలా తాగుతూ పోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. కోరాపుట్ చలికి "వెచ్చదనం కోసం" తాగడమూ ఇలాంటిదే. చర్మం వెచ్చబడుతుంది, ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది.

సారాయిలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిందేమో అన్నది మాత్రం మొహం చూసి చెప్పలేం. తాగిన పన్నెండు గంటలకో, మర్నాటికో చూపు మసకబారితే, మంచులోంచి చూసినట్టుంటే, మజ్జిగా నిమ్మరసమూ అంటూ కూర్చోకుండా నేరుగా బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.