దడ ఆగకముందే ఈసీజీ

ఎస్‌వీటీ అంటే గుండెలో కరెంటు దారి తప్పి, నాడి ఉన్నట్టుండి పరుగెత్తే జబ్బు. దాంతో వచ్చే పెద్ద చిక్కు ఒకటే. దడ ఆగాక ఈసీజీ తీస్తే చాలామందికి కాగితం మీద ఏమీ కనబడదు. నాకు ఇరవై రెండేళ్లకు మొదలైంది. మా నల్లగొండ వైపు ఏ దవాఖానకు పోయినా "గ్యాస్ బిడ్డా, టెన్షన్ పెట్టుకోకు" అనేవాళ్లు. అక్కడికి చేరేసరికే నాడి 80కి దిగి ఉండేది మరి.

గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు ఏవీ నోడ్ అనే చిన్న కూడలి గుండా దిగుతుంది. కొందరికి అక్కడ రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నెమ్మదిగా పోయేది. ఒకదాంట్లో దిగిన కరెంటు రెండోదాంట్లో పైకెక్కి గుండ్రంగా తిరిగితే నాడి ఒక్కసారిగా 180, 200కు పోతుంది. నాకున్నది ఇదే. ఇలాంటి దడే తెచ్చే డబ్ల్యూపీడబ్ల్యూ అనే జబ్బు వేరు. అందులో నోడ్ బయట పుట్టుకతోనే అదనపు దారి ఉంటుంది, దాని గుర్తు మామూలు ఈసీజీలోనూ దొరకవచ్చు.

భయంతోనో జ్వరంతోనో వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇది స్విచ్ వేసినట్టు మొదలై, తీసేసినట్టు ఆగుతుంది. మెడలో టపటపా కొట్టుకోవడం, ఆ తర్వాత మూత్రం ఎక్కువ రావడం కూడా ఉంటే డాక్టరుకు ఈ మూడూ చెప్పాలి.

జబ్బు ఇంకా తేలనివాళ్లు దడ మొదలవగానే పట్నం బస్సెక్కొద్దు. మిషన్ ఉన్న దగ్గరి దవాఖానకే పోయి, మందు ఇవ్వకముందే పన్నెండు లీడ్ల ఈసీజీ అడగాలి. కళ్లు తిరిగి పడినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయాలి. ఆ ఈసీజీ కాగితాన్ని వెంటనే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది వేడికి నల్లబడే కాగితం, లామినేషన్ చేయిస్తే గీతలు మాయమవుతాయి. నాకు రెండేళ్ల తిరుగుడు తప్పించింది అలాంటి ఒక్క కాగితమే.

జబ్బు తేలాక, డాక్టరు సరేనంటే ఇంట్లోనే ఆపే పద్ధతి ఉంది. సగం వాలి కూర్చుని, సూది లేని 10 మి.లీ. సిరంజిలోకి పిస్టన్ కదిలేటంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి. ఆపగానే వెల్లకిలా పడుకోవాలి, ఇంకొకరు రెండు కాళ్లను 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. కాళ్లెత్తడం ఆలస్యమైతే ఫలితం పోతుంది, బుగ్గలు ఉబ్బించి ఊదితే ఛాతీలో ఒత్తిడే రాదు. 2015లో అచ్చయిన బ్రిటన్ పరిశోధనలో పడుకోకుండా, కాళ్లెత్తకుండా కూర్చునే ఊదినవాళ్లలో నూటికి 17 మందికి ఆగితే, ఇలా చేసినవాళ్లలో 43 మందికి ఆగింది. మెడ నరం నొక్కడం మాత్రం సొంతంగా వద్దు.

ఆగకపోతే దవాఖానలో అడెనోసిన్ ఇస్తారు, ముందు 6 మి.గ్రా., తర్వాత 12. రక్తంలో కొన్ని సెకన్లలోనే కరిగిపోయే మందు కాబట్టి మోచేతి మడత దగ్గరి పెద్ద నరంలో వేసి, వెంటనే సెలైన్‌తో తోయాలి. చేతి వెనక సన్న నరంలో వేస్తే గుండెకు చేరేలోపే బలం పోతుంది. చాయ్ తాగి ఉంటే దాచొద్దు, కెఫీన్ ఈ మందుకు అడ్డుపడుతుంది. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ఎక్కించగానే ఛాతీ మీద బండరాయి పెట్టినట్టుంటుంది, పది పదిహేను సెకన్లలో పోతుంది.

శాశ్వత వైద్యం ఆబ్లేషన్. గజ్జల దగ్గరి నరం గుండా సన్నని తీగలు గుండెలోకి పంపి, నెమ్మది దారిని వేడితో కాలుస్తారు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరపడుతుంది. ఒప్పుకునే ముందు ఇది తప్పక అడగండి. మెటోప్రొలాల్ లాంటి, నాడిని నెమ్మది చేసే మాత్రలు కొన్ని రోజుల ముందు ఆపమంటారు, సొంతంగా ఆపొద్దు.

తర్వాత కొన్ని గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. వారం దాకా బస్తాలు, బిందెలు మోయొద్దు, ముక్కొద్దు. గజ్జల్లో వాపు పెరిగినా రక్తం కారినా పడుకుని గట్టిగా అదిమి పట్టి డాక్టరుకు ఫోన్ చేయాలి. కొన్ని వారాల పాటు గుండె ఒక్కో దెబ్బ తప్పినట్టు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, తగ్గిపోయింది. ఆ మునుపటి స్విచ్ దడే వచ్చి నిలిస్తే మాత్రం మళ్లీ దగ్గరి ఈసీజీ మిషన్ దగ్గరికే పోవాలి.