ఎర్రనీళ్ళు, లావెండరు

తిరుపతి కొర్లగుంటలో ఆటో దిగీ దిగగానే అమ్మ మమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టింది. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, చిటికెడు సున్నం కలిపి, ఆ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పసుపు ఎరుపెట్లా అయిందని 11 ఏళ్ళ మా పాప అడిగింది. ప్రయాణపు బడలికలో నేను జవాబు చెప్పలేదు. పది రోజుల తర్వాత సబ్బు గిన్నెలో అదే జవాబు దొరికింది.

ఆగస్టు సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడల్లా పిల్లలు ఫోనుకు అతుక్కుపోవడం నాకు బాధగా ఉండేది. ఈసారి ఇంగ్లండులో నేర్చుకున్న సబ్బుల పని వాళ్ళ చేత చేయిద్దామనుకున్నాను. చిత్తూరు జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి నా మనసు గానుగ వేరుశనగ నూనె మీదికే పోయింది. పాప ఒప్పుకోలేదు. తన స్నేహితురాలికి వేరుశనగ పడదట, ఆ అమ్మాయికి ఇవ్వలేని సబ్బు తనకూ వద్దంది. దాని మాటే సబబనిపించింది. తవుడు నూనె తెచ్చాం.

కొబ్బరి నూనె 300 గ్రాములు, తవుడు నూనె 150, ఆముదం 50. వీటికి కాస్టిక్ సోడా 77 గ్రాములు, దానికి రెట్టింపు నీళ్ళు. ఒక్కో నూనెకు పట్టే సోడా వేరు, అందుకే నూనె మారిస్తే లెక్క మళ్ళీ మొదటినుంచీ వేసుకోవాలి. ఇందులో ఉజ్జాయింపు పనికిరాదు. అమ్మ సత్తు గిన్నె తెచ్చిస్తే వద్దని స్టీలు గిన్నె తీసుకున్నాను. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. సోడాను నీళ్ళలో వేయాలి తప్ప నీళ్ళను సోడా మీద ఎప్పుడూ పోయకూడదు. ఆ పని మాత్రం మిద్దె మీద, కళ్ళద్దాలూ చేతి తొడుగులూ వేసుకుని నేనే చేశాను. పిల్లల్ని మెట్ల దగ్గరే ఆపేశాను. నిప్పు లేకుండానే నీళ్ళు పొగలు కక్కుతుంటే చిన్నోడు నోరు తెరుచుకుని చూశాడు.

నూనె, సోడా నీళ్ళు కలిసి మజ్జిగలా చిక్కబడ్డాక సగం విడిగా తీసి పసుపు వేశాం. గరిటె తిప్పేలోపే ఎర్రబడింది.

"అవ్వా! ఎర్రనీళ్ళు!" అని పాప ఎగిరి గంతేసింది.

అవును, అవే. సున్నమూ క్షారమే, సోడా కూడా క్షారమే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. ఆ మాట నేను చెప్పేలోగానే అది సగం చెప్పేసింది.

రంగుల సంగతి అలా సంబరంగా గడిచింది కానీ వాసన దగ్గర మాట పట్టింపు వచ్చింది. మల్లెలు వేద్దామని నా ఆశ. నిజానికి మల్లెపూలు సబ్బులో గోధుమరంగుకు తిరుగుతాయి, పరిమళమూ నిలవదు. అది తెలిసీ ఒక చిన్న అచ్చులో వేశాను. పాప తన పెట్టెలోంచి లావెండరు నూనె సీసా తీసి, "ఇది మన ఇంటి వాసన కదమ్మా" అంది. ఇంగ్లండులో మా గేటు పక్కన లావెండరు పొద ఉంది. బడికి పోతూ రోజూ ఒక రెమ్మ నలిపి చూసుకుంటుంది. నాకు మనసు చివుక్కుమంది. తిరుపతికొచ్చి కూడా ఆ వాసనేనా అని కసిరాను.

అమ్మ ఊరుకోలేదు. "నువ్వు పెండ్లయి పొయ్యేటప్పుడు పెట్టెలో సీకాయ పొడి పెట్టుకోని పోతివే. ఆ బిడ్డ దాని ఇంటి వాసన మనింటికి తెచ్చింది. వద్దంటావా?"

మిగిలిన సగంలో లావెండరు నూనె పాప చేతే పోయించాను. ఆ పూట మిద్దెంతా అదే వాసన. ఎదురుగా కొండలు, చేతికి అంటుకున్న లావెండరు. ఈ రెండూ ఒకచోట ఉండగలవని నాకెప్పుడూ తోచలేదు.

సబ్బు ముక్కలు నాలుగు వారాలన్నా ఆరాలి. మేం మూడో వారంలోనే బయల్దేరాం. రోజూ తిప్పిపెట్టే పని అమ్మ తీసుకుంది. నిన్న వీడియో కాల్‌లో చూపిస్తే పసుపు సబ్బు ఎరుపంతా దిగి మామిడిపండు రంగుకొచ్చింది. మరి లావెండరుదేదని పాప అడిగింది. అమ్మ బీరువా తెరిచి పట్టుచీరల మధ్యనుంచి ఒక ముక్క తీసింది.

"అయ్యో అవ్వా, ఇంగా వారం ఆరాల! చీరకు నూని మరకైతాది!" అని అరిచింది పాప.