‘నుంచి’ దగ్గర తప్పే ఇంగ్లీషు

తికమకపెట్టే ఇంగ్లీషు జంట పదాల పట్టికలు ఎన్ని బట్టీ పట్టినా, రాసేటప్పుడు మళ్లీ అదే తప్పు దొర్లుతుంది. పట్టికలో అర్థాలుంటాయి గానీ, తప్పు ఎక్కడ పుడుతోందో ఉండదు. చాలావరకు అది పుట్టేది మనసులో ఉన్న తెలుగు వాక్యంలోనే.

అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘నుంచి’. ‘2019 నుంచి’ అన్నా, ‘ఐదేళ్ల నుంచి’ అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మాత్రం మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. కాబట్టి ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ తప్పు, ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’ ఒప్పు. ‘నుంచి’కి ముందున్నదాన్ని క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్ వాడండి. క్రియ కూడా ఇక్కడే జారుతుంది. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ కాదు, ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’. తెలుగులో ‘పనిచేస్తున్నాను’ అంటే సరిపోతుంది కదా, అందుకే సిన్స్ సరిగ్గా పెట్టినవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు.

‘చెప్పు’తో వచ్చే చిక్కు చిన్నదే. ‘హి టోల్డ్ మి’ అనాలి, లేదా ‘హి సెడ్ టు మి’ అనాలి. ‘హి సెడ్ మి’ చెల్లదు.

బై, అంటిల్ దగ్గర తెలుగే ఆదుకుంటుంది. ‘సోమవారానికల్లా’ అని చెప్పదలిస్తే బై, ‘సోమవారం వరకు’ అని చెప్పదలిస్తే అంటిల్. మెయిల్‌లో ‘సెండ్ ది రిపోర్ట్ అంటిల్ మండే’ అని రాస్తే, సోమవారం దాకా పంపుతూనే ఉండమన్నట్టు అవుతుంది.

ఇక లూస్, లూజ్. ఇది పూర్తిగా ఉచ్చారణ తెచ్చిపెట్టిన గొడవ. ‘చొక్కా లూజుగా ఉంది’ అనడం మనకు అలవాటు. నిజానికి వదులు అనే అర్థమున్న మాట చివర పలికేది ‘స’, అందులో ఓలు రెండు. ‘జ’లా వినిపించేది పోగొట్టుకోవడం అనే క్రియ, అందులో ఓ ఒక్కటే. వదులుకు మనం ‘జ’ తగిలించేసరికి, క్రియ రాసేటప్పుడు కూడా చెయ్యి రెండు ఓలు వేసేస్తుంది. ‘పోయింది’ అనే లాస్ట్‌లో ఓ ఒక్కటే ఉందని గుర్తుంటే క్రియలోనూ తప్పు దొర్లదు.

అడ్వైస్‌లో కూడా ఈ స, జ తేడాయే: ‘స’ పలికే సలహాకు సి, ‘జ’లా పలికే సలహా ఇవ్వడానికి ఎస్. సలహాలు ఎన్నున్నా ‘అడ్వైసెస్’ అనకూడదు, ‘సమ్ అడ్వైస్’ అనాలి. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ప్రాక్టీస్ కూడా ఇంతే, నామవాచకానికి సి, క్రియకు ఎస్, కాకపోతే పలకడంలో తేడా ఉండదు. అమెరికన్ స్పెల్లింగ్‌లో రెండింటికీ సి రాస్తారు.