టెస్టులు పాసయ్యాయి సరే, ఏ కోడ్ మీద?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపుకి బిల్లుల ప్రోగ్రాం రాసే టీం ఉందనుకోండి. ఇద్దరు గుంటూరు బ్రాడీపేటలో, ముగ్గురు బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర కూర్చుని ఒకే రెపోలో, అంటే గిట్ అనే ప్రోగ్రాం మార్పుల చరిత్రతో సహా దాచే ఉమ్మడి కోడ్ ఫోల్డర్‌లో, పని చేస్తున్నారు. టిక్కీల తూకం, క్వింటా ధర, రైతు చేతికి రావాల్సిన మొత్తం, ఇవీ లెక్కలు. తమ మార్పుల్ని ఉమ్మడి రెపోకి పంపేముందు (పుష్ చేసేముందు) అందరూ టెస్టులు నడుపుతారు, అందరికీ పచ్చగానే, అంటే పాస్ అనే వస్తుంది. అందరి మార్పులూ కలిసే మెయిన్ బ్రాంచి మాత్రం వారానికి రెండుసార్లు ఎర్రబడుతుంది, అంటే అక్కడ టెస్టులు ఫెయిలవుతాయి.

ఇలాంటప్పుడు టెస్టులు చాల్లేదని ఇంకో వంద రాయడం మొదలుపెడతారు. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. పైథాన్ టెస్టుల్ని నడిపే పైటెస్ట్ పనిచేసేది మీ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల మీద. గిట్ పంపేది మీ కమిట్‌ని, అంటే మీరు గిట్‌లో నమోదు చేసిన మార్పుల్ని. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది.

తూకం లెక్కలకి కొత్త ఫైలు పెట్టి, పాత ఫైల్లోంచి దాన్ని ఇంపోర్ట్ చేశారు. ‘గిట్ కమిట్ -ఏఎం’ కొట్టారు. ఆ ‘ఏ’ గిట్‌కి ముందే తెలిసిన ఫైళ్లలో మార్పుల్నే తీసుకుంటుంది, కొత్త ఫైలు జోలికి పోదు. మీ దగ్గర ఫైలు ఉంది కాబట్టి పాస్. పుష్ అయిన కోడ్ మీద టెస్టుల్ని తనంతట తానే నడిపే సీఐ సర్వర్లో మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల పట్టిక అయిన గిట్‌ఇగ్నోర్‌లో ‘డేటా/’ అని ఉండి, టెస్టులకి కావాల్సిన శాంపిల్ బిల్లుల ఫోల్డర్ పేరు కూడా డేటానే అయితే ఇంకా కష్టం. మామూలు గిట్ స్టేటస్‌లో అది కనపడనే కనపడదు, ‘--ఇగ్నోర్డ్’ తగిలించి చూడాలి.

అనుమానంగా ఉంటే ‘గిట్ వర్క్‌ట్రీ యాడ్ --డిటాచ్ ../చెక్ హెడ్’ కొట్టండి. పక్కన ‘చెక్’ అనే ఫోల్డర్ వస్తుంది, అందులో కమిట్ అయినవి తప్ప ఇంకేమీ ఉండవు. టెస్టులు అక్కడ నడపండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ప్యాకేజీని ‘పిప్ ఇన్‌స్టాల్ -ఈ’తో (కోడ్ కాపీ చేయకుండా ఆ ఫోల్డర్‌కే లింకు పెట్టే పద్ధతి) పెట్టుకున్నవాళ్లు పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌నే (ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే చోటు) వాడితే, టెస్టులు చెక్ ఫోల్డర్‌వే అయినా ఇంపోర్ట్ అయ్యేది పాత ఫోల్డర్ కోడ్ కావచ్చు. అందుకని చెక్ ఫోల్డర్‌కి వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి.

రెండోది, మీ కమిట్ ఎప్పటి మెయిన్ మీద కూర్చుంది అన్నది. బ్రాడీపేటలో ఒకరు ధర ఫంక్షన్‌ని క్వింటా నుంచి కిలోకి మార్చారు. బెంజి సర్కిల్లో ఇంకొకరు అదే ఫంక్షన్ క్వింటా ధర ఇస్తుందనుకుని, కిలోల తూకంతో గుణించి వందతో భాగించి, వేరే ఫైల్లో కొత్త రిపోర్టు రాశారు. ఫైళ్లు వేరు కాబట్టి గిట్ ఏ కాన్‌ఫ్లిక్టూ చూపించదు. విడివిడిగా ఇద్దరికీ పచ్చే. కలిశాక రిపోర్టులో రైతు డబ్బు నూరో వంతుకి పడిపోతుంది. ముందు గిట్ ఫెచ్ (సర్వర్లోని కొత్త మార్పులు తెచ్చుకోవడం), తర్వాత మెయిన్ మీదకి రీబేస్ (మీ కమిట్లని తాజా మెయిన్ పైన మళ్లీ పెట్టడం), ఆ తర్వాతే టెస్టులు. టెస్టులు అయ్యాక రీబేస్ చేస్తే మాత్రం ఆ పచ్చరంగు పాత కోడ్‌ది.

గడియారం సంగతి మన దేశంలో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. సీఐ యంత్రాలు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి, మనం 5:30 గంటలు ముందున్నాం. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకా మన తేదీ ఒకటి, సీఐ తేదీ దాని ముందురోజు. ఏప్రిల్ 1 రాత్రి 1 గంటకి నడిచిన టెస్టు మీ దగ్గర కొత్త ఆర్థిక సంవత్సరం బిల్లు నంబరు ఇస్తుంది. సీఐలో అప్పుడు మార్చి 31 రాత్రి 7:30, పాత సంవత్సరం నంబరే వస్తుంది. లినక్స్‌లో ‘టీజెడ్=యూటీసీ పైటెస్ట్’ అని ఒకసారి నడిపితే ఇలాంటివి కొన్ని బయటపడతాయి. అసలు మందు మాత్రం ఫంక్షన్ లోపల ఇవాళ్టి తేదీ అడగకుండా, తేదీని బయటినుంచి ఇవ్వడం.

టెస్టులో పెట్టే అంకె గురించి కూడా ఒక మాట. రూపాయికి సర్దడానికి 0.5 కలిపి, ‘ఇంట్’తో దశాంశ భాగం తీసేసే పాత కోడ్ ఉంది. శుభ్రం చేద్దామని ఎవరో దాన్ని పైథాన్ రౌండ్‌గా మార్చారు. క్వింటా 15,250 చొప్పున 43 కిలోలకి 6,557.50 అవుతుంది. పాతదీ కొత్తదీ రెండూ 6,558 అంటాయి, టెస్టు పాస్. 41 కిలోలు పెట్టి చూడండి: 6,252.50. పాతది 6,253 ఇస్తుంది, రౌండ్ 6,252 ఇస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ రౌండ్ దగ్గరి సరిసంఖ్యకి పోతుంది మరి. 43 ఒక్కటే రాసిన టెస్టుని ఎన్నిసార్లు నడిపినా ఉపయోగం లేదు, 41 పక్కన ఉండాల్సిందే.

ఇవన్నీ రోజూ గుర్తుపెట్టుకోవడం అయ్యేపని కాదు కాబట్టి ప్రీ-పుష్ హుక్ (పుష్‌కి ముందు గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్టు) పెట్టండి. హుక్ ముగిశాక సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇస్తే, అంటే ఫెయిలైతే, గిట్ పుష్‌ని ఆపేస్తుంది. డాట్ గిట్ లోపలి హుక్స్ ఫోల్డర్ క్లోన్‌తో (రెపోని కాపీ చేసుకోవడం) పాటు రాదు. స్క్రిప్టుని రెపోలోనే ఒక ఫోల్డర్‌లో ఉంచి, ప్రతి ఒక్కరూ ఒకసారి ‘కోర్ డాట్ హుక్స్‌పాత్’ సెట్టింగుని ఆ ఫోల్డర్‌కి సెట్ చేసుకోవాలి. గిట్ 2.9 నుంచి ఈ సౌకర్యం ఉంది. విండోస్‌లో రాసినవాళ్లు ‘గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --సీహెచ్‌మాడ్=+ఎక్స్’తో ఫైలుకి నడిపే అనుమతి ఇవ్వకపోతే లినక్స్ వాళ్ల దగ్గర ఆ హుక్ నడవదు.

హుక్ కూడా చూసేది ఫోల్డర్‌నే సుమండీ. అందుకని దాని మొదటి పని, ‘గిట్ స్టేటస్ --పోర్సెలిన్’ ఏమైనా ప్రింట్ చేస్తే, అంటే కమిట్ కానివి ఉంటే, ఆగిపోవడం. లాగ్ దాచుకోవడానికి పైటెస్ట్‌ని పైప్‌తో ‘టీ’ కమాండ్‌కి (తెరమీద వచ్చేదాన్ని ఫైల్లోకి కూడా రాసేది) కలిపేవాళ్లు చాలామంది. అప్పుడు షెల్‌కి చేరేది టీ కమాండ్ ఎగ్జిట్ కోడ్, అది దాదాపు ఎప్పుడూ సున్నానే. టెస్టులు ఫెయిలవుతాయి, పుష్ మాత్రం పోతూ ఉంటుంది. బ్యాష్‌లో పైన ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ పెడితే సరిపోతుంది.

పది నిమిషాలు పట్టే హుక్‌ని మాత్రం ఎవరూ భరించరు, హుక్‌ని దాటేసే ‘--నో-వెరిఫై’ అలవాటైపోతుంది. రెండు నిమిషాలు దాటనివ్వకండి. ‘--డ్యూరేషన్స్=10’ ఇస్తే ఎక్కువసేపు పట్టే పది టెస్టులూ బయటికొస్తాయి. వాటికి ‘స్లో’ అని మార్కు పెట్టి, హుక్‌లో ‘నాట్ స్లో’వి, సీఐలో మొత్తం నడపండి. మార్కు పేరుని సెట్టింగుల్లో నమోదు చేసి ‘--స్ట్రిక్ట్-మార్కర్స్’ కూడా పెట్టండి. లేకపోతే ఆ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా పైటెస్ట్ ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, ఆ టెస్టు రోజూ హుక్‌లో నడుస్తూనే ఉంటుంది.