లొల్ల లాకుల పుస్తకం ఎంతవరకు వచ్చిందంటే

ఆత్రేయపురం పక్కన కాలువ నీళ్లను ఆపి వదిలే లొల్ల లాకుల మీద మడతల పుస్తకం (పొడవాటి పట్టీలా విప్పుకునేది) మొదలుపెట్టాను కదా, అది ఇన్నాళ్లకు ఒక దారిలో పడింది. కాలువ నీళ్లు లైనో బ్లాకుతో (బొమ్మ చెక్కి ఇంకు పూసి ఒత్తే లినోలియం ముక్క) అచ్చేయాలి, ఫొటోలూ మాటలూ ప్రింటర్లో తీయాలి. ఒత్తులూ దీర్ఘాలూ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కే ఓపిక నాకు లేదు.

ముందు బ్లాకు వేసి, ఆ కాగితాన్ని ఇంక్‌జెట్‌లో పెట్టడం నేను చేసిన పెద్ద తప్పు. ముసురు రోజులు, నూనె ఇంకు నాలుగు రోజులైనా ఆరలేదు. రోలర్లకు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి కాగితం మీదా నీలం గీతలే. ఇప్పుడు ప్రింటర్ ముందు, బ్లాకు తర్వాత. మందం కాగితం ఇంకు బాగా పట్టాలని కాస్త తడిపితే ఇంకో గొడవ, మామూలు డై ఇంకు అక్షరాలు చెదిరిపోయాయి. పిగ్మెంట్ ఇంకుతో తీయించినవి తడికి నిలిచాయి.

కొలతలు: ఏ4 కాగితాన్ని నిలువునా రెండు ముక్కలు చేస్తే 29.7 సెంటీమీటర్ల పట్టీ వస్తుంది. 7 సెంటీమీటర్ల చొప్పున నాలుగు మడతలు, మిగిలిన 1.7 పక్క పట్టీకి అంటించడానికి. మూడు పట్టీలు కలిపితే 84 సెంటీమీటర్ల కాలువ. గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగే దిశ, పట్టీ పొడవునా ఉన్న కాగితమైతే మడత దగ్గర పగులుతుంది, అందుకే స్కేలు పెట్టి రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీత నొక్కాకే మడుస్తున్నాను.

ఒకే బ్లాకు మూడుసార్లు పడినా నీళ్లు తెగకుండా పారాలి. దానికి బొమ్మను మధ్యకు కోసి, కుడి ముక్క ఎడమకు, ఎడమది కుడికి మార్చాను. అప్పుడు చివర్లు వాటంతటవే కలుస్తాయి, నడుమ అతుకు ఒక్కటి సరిచేసుకుంటే చాలు. ఈ పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే. లైనో చెక్కే ముందు పది నిమిషాలు ఎండలో పెడితే ఉలి మెత్తగా దిగుతుంది, ఎండ ఉంటే.

ప్రెస్సు లేదు. కొబ్బరి చిప్ప గరిటె వెనకవైపు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, దానితోనే ఒత్తుతున్నాను. "నా చిప్ప గరిటె ఏదిరా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. కోనసీమలో చిప్పలకు కరువా, ఇంకోటి చేయించి ఇస్తానన్నాను.

ప్లైవుడ్ ముక్క మీద అట్టతో ఎల్ ఆకారంలో మూల అంటించుకుని కాగితాన్ని దానికి ఆనిస్తున్నా. అయినా ఒక మిల్లీమీటరు అటూఇటూ జరుగుతూనే ఉంది. దాంతో పోట్లాట మానేసి, నీళ్ల అంచు ఫొటో అడుగుభాగం మీదికి 3 మిల్లీమీటర్లు ఎక్కేలా పెట్టాను. తేడా ఇక కంటికి కనిపించదు.

ఆరు కాపీలకు కూర్చుంటే నాలుగు నిలిచాయి. ఫ్యాను కింద దండెం మీద ఆరుతున్నాయి. అట్టలకు మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది విషం, వంటగిన్నెలో కాకుండా పాత డబ్బాలో కలుపుతాను. ఈసారి గిన్నె కూడా పోయిందంటే అమ్మ ఊరుకోదు.