అమ్మ మడమలు, యూరియా క్రీమ్

ఈ చలికాలం అమ్మ కాళ్ల పగుళ్లు బాగా తగ్గాయి. మడమలు దుప్పటికి పట్టుకోవడం లేదని తనే చెబుతుంటే నాకెంత సంతోషంగా ఉందో! స్కిన్ డాక్టర్ రాసిన యూరియా క్రీమ్ బాగా పనిచేసింది.

పేరు వినగానే "పొలంలో చల్లేది కాళ్లకు రాస్తారా?" అని అమ్మ భయపడింది. ఆ భయం సహజమే. ఎరువు బస్తాలోని యూరియాను ఒంటికి అస్సలు రాయకూడదు. మందుల షాపులో దొరికేది చర్మం కోసమే శుద్ధి చేసి, కొలత ప్రకారం కలిపినది. నిజానికి మన చర్మం పైపొరలోనే సహజంగా కొంత యూరియా ఉంటుంది, అది తేమను పట్టి ఉంచుతుంది.

ట్యూబు మీద శాతం తప్పకుండా చూడండి. 10 శాతం లోపు అయితే ప్రధానంగా తేమ కోసమే. 20, 30కి వెళ్లేకొద్దీ మందంగా పేరుకున్న చర్మాన్ని మెత్తబరిచి ఊడేలా చేస్తుంది. 40 శాతం ఉన్న క్రీమ్ అయితే గట్టిపడిన గోళ్లకు, ఆనెలకు, అదీ డాక్టర్ చెబితేనే.

రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలు కాస్త తడిగా ఉండగానే పలచగా రాసి కాటన్ సాక్స్ వేస్తాం. రక్తం వచ్చేంత లోతుగా పగిలిన చోట రాయం, బాగా మండుతుంది. కళ్ల దగ్గరికి అసలు పోనివ్వొద్దు. అదే చోట స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కూడా వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి, యూరియా వల్ల ఆ మందు చర్మంలోకి ఎక్కువగా ఇంకుతుంది.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకైతే దయచేసి సొంతంగా కొనకండి. స్పర్శ తగ్గిన పాదానికి మంట తెలియదు, పుండు పడినా తెలియదు. ముందు పాదాలు డాక్టర్‌కి చూపించండి.